శుభలేఖల షాపులో ఉబుంటు

విజయవాడలో నాది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఓ కవితా సంపుటి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, విండోస్ ఎక్స్‌పీ. అదే నా లోకం.

లినక్స్ మీద నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఉబుంటు మొదట 2004 అక్టోబరులో వచ్చింది. అడిగినవాళ్లకి సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు, 2011లో ఆపేశారు. ఆలోపే నాకూ ఓ కవరొచ్చింది. హార్డ్‌డిస్కు జోలికి పోకుండా సీడీ మీదే నడిపి చూడొచ్చు. నడిపాను. వైరస్ గోల లేదు, లైసెన్సు ఖర్చు లేదు. ముచ్చటేసి ఓ పెళ్లిపత్రిక తెరిచాను. పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట పిచ్చి గుర్తులు!

తప్పు ఉబుంటుది కాదు. అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చుకున్నవి. ఆ ఫాంటు లేకపోతే తెలుగే లేదు. అదే, ఒక్కో భాష అక్షరాలకీ విడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకి సొంత చోటుంది. యూనికోడ్‌లో కొట్టిన తెలుగు ఏ సిస్టంలోనైనా తెలుగే. కానీ అలా కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోబోయాను. అను ఫాంట్లతో వాడే యాపిల్ కీబోర్డు లేఅవుటుకి అలవాటుపడ్డ వేళ్లు మొరాయించాయి, ఏం చేస్తాం!

ఉత్తరాలకీ, ఇంటర్నెట్‌కీ, పిల్లల చదువుకీ లినక్స్ బాగా సరిపోతుంది. ఇంట్లో అదే. షాపులో మాత్రం పాత ఫైళ్లదే పెత్తనం. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. షాపులోని ఎక్స్‌పీ మిషను మాత్రం ఇంకా నడుస్తోంది. కాకపోతే దాని ఇంటర్నెట్ వైరు పీకేశాను.