కరెంటు ప్రమాదాల్లో పరిహారం: నిర్లక్ష్యం రుజువు అక్కర్లేని చోట ఏది రుజువు కావాలి?

వానలు మొదలైతే జిల్లా పేజీల్లో రెండు రకాల చావులు కనిపిస్తుంటాయి. పొలం గట్టున తెగిపడిన తీగ తొక్కిన రైతు ఒకరు, దండెం మీద తడి బట్టలు ఆరేస్తూ షాక్ కొట్టిన ఇల్లాలు మరొకరు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం విద్యుదాఘాతంతో దేశంలో ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నారు. అందులో విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) తీగ వల్ల ఎందరు పోయారో, ఇంటి వైరింగు వల్ల ఎందరు పోయారో ఆ అంకె విడదీసి చెప్పదు. పరిహారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తేడాయే కీలకం.

మొదటి రకం చావులకు చట్టం బలంగానే నిలబడింది. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు ఆధారం. 1997 ఆగస్టులో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు రాత్రివేళ సైకిల్ మీద ఇంటికి వెళ్తున్నాడు. వాననీళ్లు నిలిచిన రోడ్డు మీద తెగిన తీగ పడి ఉంది. చీకట్లో అతనికి కనపడలేదు, సైకిల్ దాని మీదికి ఎక్కగానే ప్రాణం పోయింది. ఎవరో కరెంటు దొంగిలించడానికి తగిలించిన తీగ అది, మా తప్పు లేదని బోర్డు వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ప్రమాదకరమైన వస్తువుతో వ్యాపారం చేసేవారు, జాగ్రత్తలన్నీ తీసుకున్నామని చెప్పినా, దానివల్ల కలిగిన హానికి బాధ్యులేనంది. ఇంగ్లండులో 1868లో ఒక జలాశయం నీళ్లు పొరుగువాడి గనిని ముంచిన కేసులో పుట్టిన సూత్రమే దీనికి మూలం. తీగ తెగితే కరెంటు దానంతట అదే ఆగిపోవాలి, తెగిన తీగ రోడ్డు మీద ప్రాణంతో ఉండకూడదన్న మాట నాకు ఈ తీర్పులో అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది.

అయితే ఈ తీర్పు చూపించి, ఇక కేసు గెలిచినట్టేనని బాధితులకు చెప్పడం తొందరపాటు. నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కర్లేదు గానీ, మనిషి చనిపోయింది ఆ తీగ వల్లేనని రుజువు చేయాల్సిందే. 1999లో ఒడిశా గ్రిడ్ కార్పొరేషన్ కేసుల్లో హైకోర్టు రిట్ మీదే పరిహారం ఇస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రమాదం ఎలా జరిగిందన్న దాని మీదే వివాదం ఉన్నప్పుడు సివిల్ కోర్టులో సాక్ష్యం పెట్టాలంది. అలాగని రిట్ దారి పూర్తిగా మూసుకుపోలేదు. హర్యానాలో షాక్ వల్ల రెండు చేతులు, ఒక కాలు పోగొట్టుకున్న చిన్నపిల్లవాడి కేసులో 60 లక్షల పరిహారాన్ని 2014లో అదే సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఈ తీర్పుల్ని పక్కపక్కన పెట్టి చదివితే, వాస్తవాలు ఎంత స్పష్టంగా నమోదైతే దారి అంత దగ్గరవుతుందని నాకు అర్థమైంది.

చిక్కంతా ఆ నమోదు దగ్గరే. తీగ తెగింది, మనిషి పోయాడు. ఊరంతా చీకటి. లైన్‌మన్ వచ్చి తీగ కలిపి సరఫరా ఇవ్వడం న్యాయమైన పనే, కానీ అంతటితో సాక్ష్యం సగం పోయినట్టే. తీగ ఎంత ఎత్తున వేలాడింది, స్తంభం ఒరిగిందా, ఫ్యూజు స్థానంలో మందపాటి తీగ చుట్టారా అన్నవి ఆ గంటలోనే చూడాలి. జనసంచారం లేని చోట సైతం 11 కేవీ వట్టి తీగ నేలకు కనీసం 4.6 మీటర్ల ఎత్తులో ఉండాలనీ, వీధి దాటే చోట 6.1 మీటర్లు ఉండాలనీ 2010 కేంద్ర నిబంధనలు చెప్పాయి. ఆ ఎత్తు కొలిచి పంచనామాలో రాయిస్తే కోర్టులో ఎంతో విలువ. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద ప్రమాద సమాచారం విద్యుత్ తనిఖీ అధికారికి చేరాలి. ప్రాణం పోతే తెలిసిన 24 గంటల్లో కబురు, 48 గంటల్లో రాతపూర్వక నివేదిక ఇవ్వాలని 2005 నియమాలు అంటాయి. ఆ తనిఖీ నివేదిక నకలు అడిగి తీసుకోవడం బాధిత కుటుంబానికి చాలా అవసరం.

పోస్టుమార్టం విషయంలో ఒక జాగ్రత్త. తడి చర్మం మీద తక్కువ వోల్టేజీ షాక్ తగిలితే కాలిన మచ్చ కనపడకపోవచ్చని ఫోరెన్సిక్ వైద్యం చెబుతుంది. మచ్చ లేదు కాబట్టి షాక్ కాదనడం సరికాదు. అలాంటప్పుడు చూసినవారి వాంగ్మూలం, ఘటనాస్థలం వివరాలే కేసును మోయాలి.

దండెం చావుల దగ్గర చట్టం ఇంత సూటిగా లేదు. రేకుల ఇల్లు. ముందు ఇనుప పైపుకు సర్వీసు వైరు కట్టి ఉంటుంది. అదే పైపుకు ఒక కొస, ఎదుటి గుంజకు మరో కొస కట్టి జీఐ తీగ దండెంగా లాగుతారు. ఏళ్ల తరబడి ఎండకు, గాలికి రాపిడి పడి సర్వీసు వైరు తొడుగు ఒక చోట చిట్లుతుంది. ఎండాకాలం ఏమీ కాదు. వాన పడ్డ నాడు పైపు, దండెం, తడి బట్ట, తడి చెయ్యి అన్నీ ఒకే దారి అవుతాయి. ఇక్కడ చిట్లింది మీటరుకు ముందున్న వైరైతే డిస్కం మీద వేలు చూపవచ్చు. మీటరు దాటాక ఇంట్లోని వైరైతే బాధ్యత సాధారణంగా ఇంటి యజమానిది. అద్దె ఇల్లయితే యజమాని నిర్లక్ష్యాన్ని అద్దెకున్నవాళ్లే రుజువు చేయాలి. కనెక్షన్ దగ్గర ఎర్త్ టెర్మినల్ ఏర్పాటు చేయాల్సింది సరఫరా సంస్థేనని నిబంధనల్లో ఉంది కాబట్టి, అది ఉందో లేదో కూడా పంచనామాలోకి ఎక్కించాలి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంపేసే ఆర్‌సీసీబీ ఉంటే, ఆ పరికరం తర్వాత మొదలయ్యే లీకేజీ చావుల్లో చాలావాటిని తప్పించవచ్చు. సర్వీసు వైరు దగ్గర మొదలైన లీకేజీని మాత్రం అది పట్టుకోలేదు. దండెంగా ప్లాస్టిక్ తాడు కట్టడమే రెండిటికీ పనికొచ్చే ఉపాయం.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి చనిపోయిన రైతుల సంగతి ఇంకా కష్టం. ముట్టుకోకూడనిది ముట్టుకున్నాడు, తప్పు అతనిదేనని సంస్థ వాదిస్తుంది. బాధితుడి సొంత తప్పు ఆ పాత ఇంగ్లిష్ సూత్రానికి ఒప్పుకున్న మినహాయింపే. కానీ పైరు ఎండుతుంటే, కబురు పెట్టినా మనిషి రాకపోతే రైతు ఎందుకు చెయ్యి పెట్టాడో కోర్టు ముందుకు రావాలి కదా. ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఆపే ఏబీ స్విచ్ పనిచేస్తోందా, గద్దె చుట్టూ కంచె ఉందా, అంతకుముందు ఎన్నిసార్లు ఫిర్యాదు చేశారు అన్నవే అక్కడ తూకం మారుస్తాయి. అందుకే నోటిమాటగా లైన్‌మన్‌కు చెప్పి ఊరుకోకుండా 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలని రైతులకు గట్టిగా చెబుతాను.

పరిహారం ఎంత అన్నదానికి చాలా కోర్టులు మోటారు ప్రమాదాల లెక్కనే పోలికగా తీసుకుంటున్నాయి. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 36 నుంచి 40 ఏళ్ల మనిషికి ఏడాది రాబడిని, సొంత ఖర్చు తీసేసి, 15తో హెచ్చిస్తారు. గృహిణికి రాబడి లేదు కదా అనే వాదన చెల్లదు. జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో 2001లోనే సుప్రీంకోర్టు ఇంటి చాకిరీకి నెలకు 3,000 రూపాయల విలువ కట్టింది. నేటి ధరల్లో ఆ అంకె చాలా తక్కువ, దాన్ని ప్రారంభంగానే చూడాలి.

డిస్కం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా ఈ పరిహారానికి బదులు కాదు. ఫైలు కదులుతోందని ఆ ఆశతోనే కాలం గడిపే కుటుంబాలు ఎక్కువ. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా వేయడానికి మరణించిన రోజు నుంచి రెండేళ్లే గడువు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. ఎక్స్‌గ్రేషియా దరఖాస్తు పెట్టిన వారంలోనే ఆ కార్యాలయానికి కూడా వెళ్లడం మంచిది.