లిబరో స్థానాన్ని మలిచిన బెకెన్‌బావర్

ఫుట్‌బాల్‌లో రక్షణ వరసకు వెనుక, గోల్‌కీపర్‌కు ముందు, ప్రత్యర్థుల్లో ఎవరినీ ప్రత్యేకంగా కాచుకొనే పని లేకుండా నిలిచి, సహచరులను దాటి వచ్చిన బంతిని అడ్డుకొనే ఆటగాడిని లిబరో అంటారు. 1960లలో ఇటలీ జట్లు గోల్ పడకుండా చూసుకోవడానికే ప్రధానంగా వాడుకున్న ఈ స్థానాన్ని దాడికి మొదటి మెట్టుగా మార్చిన ఘనత పశ్చిమ జర్మనీ క్రీడాకారుడు ఫ్రాంజ్ బెకెన్‌బావర్‌ది.

1945 సెప్టెంబరు 11న మ్యూనిక్‌లో పుట్టిన ఆయన 1959లో చేరేనాటికి బేయర్న్ మ్యూనిక్ ఏమంత పేరున్న క్లబ్బు కాదు. 1963లో మొదలైన జాతీయ లీగ్ బుందెస్‌లీగాలో దానికి తొలుత చోటే దక్కలేదు. 1966 ప్రపంచకప్‌లో మిడ్‌ఫీల్డర్‌గా నాలుగు గోల్స్ చేసిన బెకెన్‌బావర్‌ను ఫైనల్లో ఇంగ్లండ్ ఆటగాడు బాబీ చార్ల్‌టన్‌ను కాయడానికే కేటాయించగా, ఇద్దరి ఆటా ఒకరితో ఒకరికి సరిపోయింది, ఇంగ్లండ్ 4-2తో గెలిచింది.

ఇటలీ ఎడమ బ్యాక్ ఫాకెట్టి అంచు గీత వెంబడి దూసుకుపోవడం చూసిన బెకెన్‌బావర్‌కు, మైదానం నడుమనుంచి కదిలేవాడికి ఇరువైపులా దారులుంటాయి కదా అన్న ఆలోచన కలిగింది. ఆ రోజుల్లో ప్రతి ఆటగాడూ తనకు అప్పగించిన ప్రత్యర్థినే అంటిపెట్టుకొని ఉండేవాడు గనుక, బంతితో ముందుకొచ్చే లిబరోను ఆపే బాధ్యత ఎవరిమీదా ఉండేది కాదు; ఎవరైనా తన మనిషిని వదిలి అడ్డొస్తే, అలా ఖాళీ అయిన సహచరుడికి బెకెన్‌బావర్ తల ఎత్తి నడుస్తూనే పాదం వెలుపలి అంచుతో బంతి అందించేవాడు. ఆ సమయంలో వెనుక ఏర్పడిన ఖాళీని బేయర్న్‌లో ఆయన సహచర డిఫెండర్ ష్వార్జెన్‌బెక్ ఓపికగా కాచేవాడు. అతడు లేనిదే ఈ పద్ధతి నిలిచేది కాదు.

1970 ప్రపంచకప్ సెమీఫైనల్లో బెకెన్‌బావర్ భుజం కీలు తప్పినా, అనుమతించిన రెండు మార్పులూ అయిపోయినందున చేతిని ఛాతీకి కట్టుకొని అదనపు సమయమంతా ఆడాడు. 4-3తో గెలిచిన ఇటలీకి కెప్టెన్ ఆ ఫాకెట్టియే. ఆ తరువాత జాతీయ జట్టులోనూ లిబరోగా కుదురుకొని 1972లో యూరప్ టైటిల్‌ను, 1974లో ప్రపంచకప్‌ను కెప్టెన్‌గా అందుకోగా, 1974 నుంచి 1976 వరకు బేయర్న్ వరుసగా మూడుసార్లు యూరోపియన్ కప్ గెలిచింది. 1990లో ఆయన శిక్షణలో ప్రపంచకప్ గెలిచిన జట్టులోనూ అవుగెన్‌థాలర్ అనే లిబరో ఉన్నాడు.

మనిషికి బదులు మైదానంలోని ఒక భాగాన్ని కాచే పద్ధతి వ్యాపించడంతో లిబరో స్థానం క్రమంగా కనుమరుగైనా, నేటి కోచ్‌లు సెంటర్ బ్యాక్‌నుంచి బంతిని ముందుకు నడిపే నేర్పును కోరుతున్నారంటే అందుకు బాట వేసినవారిలో బెకెన్‌బావర్‌దే మొదటి స్థానం.