పాలారు లోయలో తోళ్ళ పదును

నందికొండలయందు పుట్టి, కుప్పము ప్రాంతము మీదుగా తమిళ దేశమును ప్రవేశించు పాలారు తీరమున వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట పట్టణములు తోళ్ళ పరిశ్రమకు ప్రసిద్ధములు. మన తెలుగు కుటుంబములు అనేకము ఈ సీమయందు తరతరములుగా నివసించుచున్నవి.

పూర్వము తోళ్ళను లందలలో తంగేడు పట్ట, కరక్కాయల రసమున వారముల తరబడి నానబెట్టి పదును చేయుచుండిరి. క్రోమియము వచ్చిన పిమ్మట ఆ పని ఒకటి రెండు దినములకు తగ్గెను. కాని తోలు పీల్చుకొనగా మిగిలినది నీటిపాలయ్యెను. పట్ట పద్ధతియు నిర్దోషము కాదు. పచ్చితోలు చెడకుండ చల్లు ఉప్పు, వెండ్రుకలు ఊడుటకు వేయు సున్నము రెంటికిని సమానమే. ఆ ఉప్పే బావులను చెరచినది. గుమాస్తాగా నేను ఉప్పు బస్తాల వెల వ్రాసితిని. చెడిన బావికి పద్దు వ్రాయలేదు.

ఆ పద్దును సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న వ్రాసినది. కాలుష్యము చేసినవారే దాని వ్యయమును భరింపవలెనని తీర్పు చెప్పి, ఒక్కొక్క శాలకు 10,000 రూపాయల జరిమానా విధించెను. ఉమ్మడి శుద్ధి కేంద్రములు ఏర్పడినను కష్టము తీరలేదు. 2025లో ఆ న్యాయస్థానమే మరల కలుగజేసికొనవలసి వచ్చెను.

మార్గములు లేకపోలేదు. 1948లో మద్రాసున వెలసిన కేంద్ర తోళ్ళ పరిశోధనాలయము క్రోమియమును తిరిగి పట్టి వాడుట, ఉప్పు తగ్గించుట మున్నగు పద్ధతులను రూపొందించినది. దానికి డైరెక్టరుగా పనిచేసిన యలవర్తి నాయుడమ్మ గారు తెనాలి సీమవారు. కూలివాని కూడు, బావి నీరు రెండును నిలుచు మార్గమదియే. మన పిల్లలు ఆ విద్య నేర్చిన పాలారు ఋణము కొంత తీరును.