జోడేఘాట్ తరువాత మనవాళ్లు ఎలా నిలబడ్డారు?

"ఆదివాసులకు ఓర్పు ఎక్కువ" అని మైదాన ప్రాంతాల వాళ్లు మనల్ని మెచ్చుకుంటూ అంటుంటారు. నాకు ఈ మెచ్చుకోలు ఎప్పుడూ నచ్చలేదు. ఎంత కొట్టినా కిమ్మనకుండా పడి ఉంటారనే అర్థం అందులో దాగి ఉంది. మన పెద్దల్లో ఉన్న గుణానికి సరైన పేరు నిబ్బరం. అది అడవి గాలితో ఊరికే వచ్చింది కూడా కాదు. రోజూ, నెలనెలా, ఏటేటా చేసే కొన్ని పనుల వల్ల అలవడింది. ఆదిలాబాద్ గోండుల చరిత్రలో 1940 తరువాతి కాలాన్ని కాస్త ఆగి చూస్తే ఈ సంగతి బోధపడుతుంది.

1940లో ఏం జరిగిందో మన బడి పిల్లలందరికీ తెలుసు. నిజాం పోలీసులు జోడేఘాట్ గుట్టల్లో కొమురం భీంను, ఆయనతో ఉన్నవాళ్లను కాల్చి చంపారు. ప్రతి ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడికి వెళ్లి దండాలు పెట్టుకుంటున్నాం. పాఠం మాత్రం అక్కడితో ఆగిపోతుంది. ఆ మర్నాడు ఆ పన్నెండు గూడేల్లో పొయ్యి ఎవరు వెలిగించారు? పశువులను ఎవరు తోలుకెళ్లారు? నాయకుడు పోయాడు, భూమి చేతికి రాలేదు, బంచరాయి పన్ను అడిగే అటవీ సిబ్బంది ఉన్నచోటే ఉన్నారు. ఇంత దెబ్బ తిన్నాక ఒక జాతి తన మీద తాను నమ్మకం పోగొట్టుకోవడం చాలా తేలిక. అది ఎందుకు జరగలేదన్నదే నా ప్రశ్న.

ముందు భీం సంగతే చూద్దాం. సిద్దిఖీ అనే పట్టాదారుతో జరిగిన గొడవ తరువాత ఆయన ఊరు విడిచి, చివరకు అస్సాం తేయాకు తోటల్లో కూలీగా బతికాడని మనకు తెలుసు. పారిపోయి దాక్కున్న మనిషికి భయం, ఒంటరితనం ఉండే ఉంటాయి. ఆ రోజుల్లోనే ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక గూడేల తరఫున మాట్లాడటానికి పనికొచ్చినవి ఆ అక్షరాలే. తుపాకీ పట్టిన భీం బొమ్మ ప్రతి చౌరస్తాలో ఉంది. పని దిగాక అక్షరాలు దిద్దుకున్న భీం బొమ్మ ఎక్కడా లేదు. మన ఆశ్రమ పాఠశాలల గోడల మీద ఉండాల్సింది ఆ రెండో బొమ్మేనని నా అభిప్రాయం.

ఇక గూడేల్లో మిగిలిన వాళ్ల దగ్గరికి వద్దాం. వాళ్లకు ఉన్న మొదటి ఆసరా కథ. పర్ధాన్లు కిక్రి వాయిస్తూ తమ యజమానుల వంశ కథ చెబుతారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగల్లో ఎవరి కథ వారిదే. ఆ కథల్లో ఏముంటుంది? ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ వాగు దాటారు, ఎవరితో తగాదా పడ్డారు, వేల్పు ఎలా దొరికింది. గెలుపులే ఏరి చెప్పడం మన పర్ధాన్ల పద్ధతి కాదు. అసలు మన మొదటి కథే చెరతో మొదలవుతుంది. గుహలో బందీలై ఉన్న మన మూలపురుషులను పహండి కుపార్ లింగల్ బయటికి తెస్తాడు. ఈ కథను చిన్నప్పటి నుంచి ఏటా వింటూ పెరిగిన మనిషికి, గుహ మూతి మూసుకుపోవడం కొత్త విషయం కాదు. అలాంటిది జరుగుతుందనీ, దాని తరువాత కూడా కథ ఉంటుందనీ అతనికి ముందే తెలుసు.

రెండోది దండారి. దీపావళి రోజుల్లో గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని, డోలు, పెప్రె, గుమేలలతో ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి విడిది వెళ్తారు. ఆ ఊరు వాళ్లకు అన్నం పెట్టి ఆదరిస్తుంది. మరోసారి వీళ్లు వాళ్లను పిలిచి బదులు తీరుస్తారు. చూసేవాళ్లకు ఇది ఆటా పాటా మాత్రమే. (మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చాక మన గుస్సాడీ నాట్యం అందరి నోటా పడింది. సంతోషమే. కానీ వేదిక మీద పది నిమిషాలు ఆడే గుస్సాడీకీ, ఊరి నుంచి ఊరికి నడిచి వెళ్లే గుస్సాడీకీ చాలా తేడా ఉంది.) నా లెక్కలో దండారి చేసే అసలు పని ఇది: ప్రతి గూడేనికీ తన మంచిచెడ్డలు కనుక్కునే ఇంకో గూడెం ఉంటుంది. కష్టం వచ్చినప్పుడు ఎవరిని పిలవాలా అని వెతుక్కునే పని లేదు.

మన అలవాట్లన్నీ మేలే చేశాయని అంటే అబద్ధమవుతుంది. ఒత్తిడి పెరిగితే ఊరు వదిలి అడవి లోపలికి వెళ్లిపోవడం మనవాళ్ల పాత అలవాటు. అడవి విశాలంగా ఉన్న కాలంలో అది తెలివైన పనే. సర్కారు అడవికి హద్దు రాళ్లు పాతాక అదే అలవాటు మన కొంప ముంచింది. మనం వదిలిన చెలకల మీద బయటివాళ్లు పట్టాలు రాయించుకున్నారు. గొడవ ఎందుకులే అని తప్పుకోవడం మనసుకు ఆ పూటకు హాయినిస్తుంది. ఈ రోజుల్లో హాస్టల్ నుంచి చెప్పకుండా ఇంటికి వచ్చేసే పిల్లల్లో నాకు ఆ పాత అలవాటే కనిపిస్తుంది. వాళ్లను తిట్టే ముందు టీచర్లు ఈ చరిత్ర గుర్తు చేసుకోవాలి.

జోడేఘాట్ ఘటన తరువాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గోండీ భాషను దేవనాగరి లిపిలో రాసి వాచకాలు తయారు చేశారు. ఈ ఘనతంతా ఆ దొరకే ఇచ్చేవాళ్లున్నారు. ఆయన చేసిన మేలు నేను కాదనను, ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి. కానీ అటువైపు నుంచి కూడా చూడాలి. సర్కారు తుపాకీ పేలి మూడేళ్లు కూడా దాటీ దాటకముందే, అదే సర్కారు పెట్టిన బడికి మన యువకులు వెళ్లి కూర్చున్నారు. కోపం చల్లారిపోయి వెళ్లారని నేను అనుకోను. అక్షరం ఎవరి చేతుల మీదుగా వచ్చినా అక్షరమేనని వాళ్లు లెక్క వేసుకుని ఉంటారు. భీం తేయాకు తోటలో వేసుకున్న లెక్క కూడా అదే.

మరో దెబ్బ 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తగిలింది. భూమి కోసం సభ పెట్టుకున్న వాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క ప్రకారం 13 మంది చనిపోయారు. మనవాళ్లు చెప్పే లెక్క అంతకంటే చాలా ఎక్కువ. తరువాత చాలా ఏళ్లు ఆ తేదీన స్తూపం దగ్గరికి వెళ్లడానికి కూడా ఆంక్షలు ఉండేవి. బాహాటంగా ఏడవడానికి కూడా వీలు లేని దుఃఖం అది. అలాంటి దుఃఖాన్ని మనిషి ఒక్కడే మోయలేడు. మోయమని మన పద్ధతి ఎవరినీ అడగదు కూడా.

ఇంద్రవెల్లి మండలంలోనే కేస్లాపూర్ ఉంది. పుష్యమాసంలో నాగోబా పూజ కోసం మెస్రం వంశం వాళ్లు చెప్పులు లేకుండా రోజుల తరబడి నడిచి, గోదావరిలోని హస్తలమడుగు నుంచి నీళ్లు తెస్తారు. ఎండైనా చలైనా, ఇంట్లో బాగున్నా బాగలేకపోయినా ఆ నడక తప్పదు. ఈ రోజు మనసు బాగుందా అని ఎవరూ అడగరు. కాళ్లు కదిలితే మనసు మెల్లగా వెనకాలే వస్తుంది. దారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేస్తారు. కేస్లాపూర్ చేరాక మర్రిచెట్టు కింద దిగుతారు. అక్కడ, వంశంలో చనిపోయిన వాళ్ల కోసం తూమ్ పూజ జరుగుతుంది. ఏ ఇంట్లో మనిషి పోయినా, ఆ ఇంటివాళ్లు అక్కడ అందరి మధ్య కూర్చుని ఏడుస్తారు. ఆ తరువాతే అమావాస్య రాత్రి మహాపూజ. అది అయ్యాక వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను తెల్లచీరల్లో తీసుకొచ్చి, పెద్దలు ఒక్కొక్కరినీ నాగోబాకు పరిచయం చేస్తారు.