సుంకాల కలెక్టరు భాషాధ్యయనం: ఎల్లిస్ తెలుగు వ్యాసానికి ఉద్యోగ నేపథ్యం

తెలుగు భాషాచరిత్రలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ద్రావిడ భాషావాదానికి ఆద్యుడు. 1816లో ఎ.డి. కేంబెల్ ప్రకటించిన తెలుగు వ్యాకరణపు పీఠికకు అనుబంధంగా ఎల్లిస్ రాసిన వ్యాసం, కాల్డ్‌వెల్ గ్రంథానికి (1856) నలభై ఏళ్ల ముందే, తెలుగు సంస్కృతజన్యం కాదని సోదాహరణంగా ప్రతిపాదించింది. ఇది సుపరిచితమే. ఆ వ్యాసకర్త కొంతకాలం సుంకాల అధికారి అన్న సంగతికి మాత్రం మన పరిశీలనలో తగిన చోటు దక్కలేదు.

1796లో కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చిన ఎల్లిస్ 1806లో మచిలీపట్నంలో న్యాయాధికారి, 1809లో భూమార్గ సుంకాల కలెక్టరు, 1810 నుంచి 1819లో మరణించేవరకు మద్రాసు కలెక్టరు. భూమార్గ సుంకం రేవు సుంకం వంటిది కాదు. దేశం లోపల కదిలే సరుకుపై చౌకీల వద్ద వసూలయ్యేది. మద్రాసు రాజధానిలో 1844 దాకా సాగింది. సరుకు పేరు, తూకం, వర్తకుని మొర, రవానా చీటీ అన్నీ దేశభాషల వ్యవహారాలే. భాష రాని దొరకు దుబాసీ మాటే ఆధారం. ఆ మాటను సరిచూసుకొనే దారి అతనికి లేదు. పైగా మద్రాసు రాజధాని ఏకభాషా ప్రాంతం కాదు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం వాడుకలో ఉండగా రెవిన్యూ లెక్కలలో మరాఠీ కూడా నడిచేది. బదిలీ అయిన ప్రతిచోటా అధికారి ఓనమాలనుంచి మొదలుపెట్టవలసిందేనా?

1812లో ఎల్లిస్ చొరవతో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల కొత్త ఉద్యోగులకు దేశభాషలు నేర్పి పరీక్షించేది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్న కలకత్తా పండితుల మాట నిజమైతే (కేరీ తెలుగు వ్యాకరణం 1814లోనే వెలువడింది) తెలుగుకు సంస్కృతమే రాజమార్గం. దక్షిణాది భాషలు ఒక కుటుంబమైతే తమిళం వచ్చినవాడు తెలుగునాట సగం దారి నడిచినట్టే. ఎల్లిస్ వాదానికి ఈ బోధనావసరం ఒక ప్రేరణ అని నా అభిప్రాయం. అంతమాత్రాన అది పాలకుల సౌకర్యానికి అల్లిన సిద్ధాంతమని కొట్టివేయడం తగదు. అవసరం ప్రశ్నను పుట్టించింది. సమాధానం ధాతువులలో దొరికింది.

ఆ ధాతువులు సమకూర్చినవారెవరు? కళాశాల ప్రధాన సంస్కృతాంధ్ర పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుపట్టికనుండి గ్రహించిన రూపాలను ఎల్లిస్ తమిళ, కన్నడ ధాతువుల పక్కన నిలిపి చూపాడు. తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగాన్ని మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ పీఠికనుంచి అనువదించి వాడుకొన్నాడు. దేశ్యమన్న పాత వ్యాకరణ సంజ్ఞ లేకుంటే సంస్కృతేతరమైన మూలపదజాలాన్ని వేరుచేసి చూపడం అంత తేలికయ్యేది కాదు. వెంకయ్య మచిలీపట్నపు వర్తకుడు. సుంకం వసూలుచేసే కొలువునుండి వచ్చిన అధికారి వాదానికి సుంకం కట్టే వర్గానికి చెందిన నిఘంటుకర్త ఆధారం కావడం మన చరిత్రకారులు ఆగి చూడవలసిన సంగతి.

గ్రంథముఖపత్రం మీద కేంబెల్ పేరుంది. ఎల్లిస్ వ్యాసం పీఠికకు గమనికగా చేరింది. శాస్త్రి, వెంకయ్యల పేర్లకోసం ఆ గమనిక లోపలికి వెళ్లి వెతకాలి.