సంగమేశ్వరం ఆడబిడ్డ, మా వదిన

మా వదిన పోయింది. ఆత్మకూరులో మా ఇంటికి కోడలై వచ్చేనాటికి నేను బడికి పోయే పిల్లవాణ్ణి. అమ్మ చేనికి పోతే జొన్నరొట్టె కాల్చి, ఊరిబిండి వేసి నా ముందు పెట్టేది వదినే. ఆమె గురించి రాయాలంటే ఆమె పుట్టిన సంగమేశ్వరం గురించి రాయాల్సిందే.

కృష్ణ, తుంగ, భద్ర, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి, ఈ ఏడు నదులూ కలిసే చోటు అది. గుడిలో ఉన్నది వేపమాను లింగం. ధర్మరాజు ప్రతిష్ఠ అని మా పెద్దల మాట. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు 1981లో ఆ ఊరిని ముంచింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద వరకు ఊళ్లు మునిగాయి, లక్షకు పైగా జనం ఇళ్లు వదిలారు. ఖాళీ చేయనివాళ్ల ఇళ్లను ఆ వేసవిలో పడగొట్టారు. కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో, రూపాల సంగమేశ్వర గుడిని కర్నూలు జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టారు. మంచి పనే. ఊరిని అట్లా విప్పి కట్టినవాళ్లు మాత్రం లేరు. వదిన వాళ్ల నాయన మిద్దె పీకి, దూలాలు బండికెత్తుకుని వచ్చాడు. వాటిలో రెండు ఇప్పటికీ మా కొట్టాన్ని మోస్తున్నాయి. మునక కుటుంబాలకు ఉద్యోగాలంటూ 1986లో వచ్చిన 98వ నంబరు జీవోను పట్టుకుని తిరిగిన తరం ముసలిదైపోయింది.

2003లో సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి మళ్లీ బయటపడింది. అప్పటి నుంచి ఎండాకాలం నీళ్లు తగ్గాయని తెలిస్తే చాలు, వదిన నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేది. అందరూ గుడి వైపు పోతే ఆమె ఒండ్రు ఎండి నెర్రెలిచ్చిన నేల మీదుగా ఊరి వైపు నడిచేది. "అబ్బీ, ఈడ మా జొన్నల పాతర ఉండె. ఆడ సేదబావి. ఈ బండ మీదనే మేం గుడ్డలుతికేది" అని చూపేది. ఏ పునాది ఎవరిదో, ఆ ఇంటి ఆడపిల్లను ఏ ఊరికిచ్చారో, మునిగాక ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో వరసగా చెప్పేది. సర్కారు కాగితాల్లో ఎకరాలూ పరిహారమూ దొరుకుతాయి గానీ, ఆడవాళ్లు నీళ్లకు పోయిన దారి దొరకదు. అది ఆమెకే తెలుసు.

ఆమెను తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇంకొకటి. శ్రీశైలం నిండితే పోతిరెడ్డిపాడు గుండా నీళ్లు మా చేలకూ, కడప దాకా పారతాయి. నిండకపోతే మాకు కరువు. నిండిందంటే మాత్రం ఆమె పుట్టిల్లు మళ్లీ కనపడదు. అయినా గేట్లెత్తారని విన్న రోజు వదిన ముఖం వెలిగేది. "నిండనీ అబ్బీ, చేలు పండుతాయి" అనేది. మా చేను తడవాలని తన ఊరి మీద నీళ్లను కోరుకున్న మనిషి ఆమె. అంత పెద్ద మనసు నేను మరొకరిలో చూడలేదు.

కొత్తపల్లె, నందికొట్కూరు, ఆత్మకూరు వైపు మునక ఊళ్ల ఆడబిడ్డలు చాలా ఇళ్లల్లో ఉన్నారు, అందరూ పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో కొందరిని ఈసారి గుడి బయటపడగానే బండి కట్టించి తీసుకుపోవాలని వదిన కొడుకూ నేనూ అనుకున్నాం. ఆమె చూపిన చోట్లను వాళ్ల చేత సరిచూపించి, వీధులు గీసి, ఇంటింటికీ పేరు రాయాలి.