మగ్గాల షెడ్డులో సమ్మతి - అహమ్మదాబాదు ప్రయోగంపై ఒక పరిశీలన

"కార్మికుల సహకారంతో ఉత్పత్తి విధానాన్ని మెరుగుపరిచాం" అనే వాక్యం పరిశ్రమల చరిత్రల్లో తరచు కనిపిస్తుంది. పిల్లలకు వాక్యాన్ని విడగొట్టి చెప్పడం నా వృత్తి కనుక నా చూపు ముందు కర్త మీదికి పోతుంది. ఈ వాక్యంలో కర్త పైకి కనిపించడు, క్రియలో దాగివున్నాడు. అతడు యజమాని. కార్మికుడు షష్ఠీ విభక్తిలో, సహకారమనే సాధనానికి విశేషణంగా మిగిలాడు. వ్యాకరణంలోని ఈ అమరికే చరిత్రలోనూ వుందా, లేక చరిత్ర ఇందుకు భిన్నంగా నడిచిందా అన్నది పరిశీలించదగిన విషయం. ఇందుకు అహమ్మదాబాదు బట్టల మిల్లులో 1953లో జరిగిన ఒక ప్రయోగాన్ని తీసుకుంటున్నాను. యాజమాన్య శాస్త్రం చదివేవారికి ఇది పాత పాఠమే. సాహిత్య విద్యార్థులకు మాత్రం ఇంచుమించు అపరిచితం.

ఉత్పత్తి విధానంలో "మెరుగుదల" అనే మాట మన దేశపు మిల్లుల్లోకి మంచి పేరుతో రాలేదు. 1927-28 నాటికి బొంబాయి యజమానులు హేతుబద్ధీకరణ పేరుతో ఒక్కొక్క కార్మికుడికి అప్పగించే మగ్గాల సంఖ్యను, కదుళ్ళ సంఖ్యను పెంచబోయారు. ఫలితం 1928 ఏప్రిల్‌లో మొదలై అక్టోబరు దాకా సాగిన సార్వత్రిక సమ్మె. సుమారు లక్షన్నర మంది పాల్గొన్నారు. గిర్నీ కామ్‌గార్ యూనియన్ ఆ పోరాటంలోనే బలపడింది. మరుసటి మార్చిలో దాని నాయకులు పలువురు మీరట్ కుట్రకేసులో అరెస్టయ్యారు. కొత్త పద్ధతి వస్తే పక్క మగ్గం మీది మనిషి ఇంటికి పోతాడని బొంబాయి కార్మికుడికి తెలుసు. ఆ తెలివిడిని "మార్పుపట్ల వ్యతిరేకత" అని పేరు పెట్టి పుస్తకాల్లోకెక్కించినవారు తర్వాత చాలామంది వచ్చారు.

అహమ్మదాబాదు దారి వేరు. 1918లో అక్కడి కార్మికులు 35 శాతం వేతన పెంపుకోసం సమ్మె చేశారు. యజమానులు 20 శాతం దగ్గర ఆగారు. గాంధీ నిరాహారదీక్ష పూనారు. యజమానుల పక్షాన ముందు నిలిచింది కాలికో మిల్లు అధిపతి అంబాలాల్ సారాభాయ్. కార్మికుల పక్షాన నిలిచింది ఆయన అక్క అనసూయా సారాభాయ్. ఈ సంఘర్షణ ఫలంగా 1920లో మజూర్ మహాజన్ ఏర్పడింది. వర్గపోరాటంకన్నా మధ్యవర్తిత్వాన్ని నమ్మిన సంఘం అది. ఉన్నవారి ఉద్యోగాలు పోకుండా, ఫలంలో వాటా దక్కేటట్లయితే హేతుబద్ధీకరణను ఒప్పుకోవచ్చునన్నది దాని ధోరణి. దాని మంచిచెడ్డల మీద మనవాళ్ళు ఎంతో చర్చించారు. ఆ చర్చలోకి నేనిక్కడ పోను. 1953 నాటికి కాలికో మిల్లు అంబాలాల్ కుమారుడు గౌతమ్ సారాభాయ్ చేతిలో వుంది. ఆయన లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుండి ఎ.కె. రైస్ అనే పరిశోధకుణ్ణి పిలిపించాడు.

ఆ సంస్థవారు అంతకుముందే ఇంగ్లండు బొగ్గుగనుల్లో ఒక సంగతి గమనించివున్నారు. యంత్రాలు వచ్చాక, పనంతా తామే చేసుకునే చిన్నచిన్న జట్లు చెదిరిపోయాయి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క మిగిలింది, పని కుంటుపడింది. 1951లో ఈ విషయం మీద వ్యాసం రాసిన ఇద్దరిలో బామ్‌ఫోర్త్ స్వయంగా గనిలో పనిచేసినవాడు. ఈ చూపుతో రైస్ జూబిలీ మిల్లు ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో అడుగుపెట్టాడు.

ఆ షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది మనుషులు. ఆ 29 మందికి 12 రకాల పనులు. నేతగాళ్ళు 8 మంది. ఒక్కొక్కరికి 24 నుండి 32 మగ్గాలు. కండెలు నింపేవారు 5గురు. ఒక్కొక్కరికి 40 నుండి 50. పడుగు పోగులు గుత్తగా తెగినప్పుడు సరిచేసేవారు ముగ్గురు. తలకు 75 చొప్పున. కొత్త బీము ఎక్కించేవారు ఇద్దరు, నేసిన గుడ్డ మోసేవారు ఇద్దరు, జాబర్లు ఇద్దరు, వారి సహాయకులు ఇద్దరు - వీరికి తలా 112. ఇక నూనె పోసేవాడు, ఊడ్చేవాడు, కండెలు మోసేవాడు, షెడ్డులో గాలి తేమ చూసేవాడు, కండె అయిపోయిందని పసికట్టే మీటలను సరిచేసేవాడు - ఒక్కొక్కరికి మొత్తం 224.

ఈ అంకెలను కాస్త ఆగి చదవాలి. ఒక నేతగాడి మగ్గం ఆగితే అతడు కండెలు నింపేవాడికోసం చూడాలి. కండెలు నింపేవాడి మగ్గాల సరిహద్దు వేరు. అతడు ఒక నేతగాడికి పూర్తిగా, పక్క నేతగాడికి సగం పని చేస్తాడు. జాబరు కోసం నలుగురు నేతగాళ్ళు ఒకేసారి కేకేస్తారు. ఎవరి పని ఎవరితో ముడిపడివుందో చెప్పడానికి ఏ ఇద్దరికీ ఒకే సరిహద్దు లేదు. ఈ పంపకం తెలివితక్కువవాళ్ళు చేసింది కాదు. ఇంజనీర్లు పనిని కొలిచి, లెక్కగట్టి చేసిందే. అయినా కొత్త మగ్గాలు ఆశించిన ఉత్పత్తి ఇవ్వలేదు. పరాయీకరణ అనే మాటను మనం వ్యాసాల్లో విరివిగా వాడతాం. ఆ మాటకు మగ్గాల లెక్కలో రూపం ఎలా వుంటుందో ఈ పట్టిక చూపినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

రైస్ ప్రతిపాదించింది సాదా విషయం. కొన్ని మగ్గాలను ఒక జట్టుకు అప్పగించాలి. ఆ మగ్గాలకు సంబంధించిన పనంతా ఆ జట్టే చూసుకోవాలి. ఆలోచన కార్మికుల చెవిన పడగానే వారు దాన్ని తమదిగా చేసుకున్నారు. ఎవరితో ఎవరు కలవాలో తామే ఎంచుకున్నారు. 7గురు మనుషులు, 64 మగ్గాలు - ఇది జట్టు. పెద్ద ఎత్తున నచ్చజెప్పే కార్యక్రమమేదీ అవసరం కాలేదు. మొదట్లో ఉత్పత్తి పెరిగింది, తర్వాత మగ్గాల సంరక్షణ వెనకబడి పడిపోయింది, మళ్ళీ కుదుటపడింది. కుదుటపడ్డాక సామర్థ్యం సుమారు 80 శాతం నుండి 95 శాతానికి చేరింది. చెడిపోయిన గుడ్డ సుమారు 32 శాతం నుండి 20 శాతానికి దిగింది. 1958లో వెలువడిన రైస్ పుస్తకం "ప్రొడక్టివిటీ అండ్ సోషల్ ఆర్గనైజేషన్"లో ఈ కథంతా వుంది.

ఇక్కడ మొదటి వాక్యంలోని వ్యాకరణం తలకిందులవుతుంది. సమ్మతి తెలపవలసిన వాళ్ళుగా భావించబడినవారు తామే కర్తలయ్యారు. పని ఎక్కడ చిక్కుపడుతోందో 12 రకాల పనులవారికీ ముందే తెలుసు. తెలిసినదాన్ని చేయడానికి అధికారం లేదు. అది దొరికిన మర్నాడే చేశారు. వారి ఉత్సాహాన్ని మానసిక అవసరాలతో వివరించడానికి రైస్ చాలా పుటలు వెచ్చించాడు. నా మటుకు అంత అవసరం లేదనిపిస్తుంది.

అయితే పుస్తకాన్ని యథాతథంగా స్వీకరించలేం. జట్టు పద్ధతితోపాటు కూలి కూడా పెరిగింది కదా, ఫలితంలో దాని పాలు ఎంత అని తర్వాతి విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. మరో సంగతి. పశ్చిమ భారతపు మిల్లుల్లో నేత విభాగాలు దళితులకు చాలాకాలం మూసివున్నాయి. నాడె కంటిలోంచి పోగును నోటితో పీల్చి తీయాలి; "అంటరానివాడు" నోట పెట్టిన నాడెను మేం ముట్టమన్నారు సవర్ణ నేతగాళ్ళు. దళితులు వడికే విభాగంలోనే వుండిపోయారు. కార్మికులు ఒకరినొకరు స్వేచ్ఛగా ఎంచుకున్నారని చదివేటప్పుడు, ఆ ఎంపికకు ముందే గుమ్మం దగ్గర జరిగిన ఎంపికను మరవకూడదు. వర్గం గురించి మాట్లాడే మనం ఈ రెండో విషయాన్ని ఎన్నాళ్ళో దాటవేశాం.

1970లో టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ ఆ షెడ్లను తిరిగి చూశాడు. ఆయన నివేదిక 1975లో అచ్చయింది. సాధారణ మగ్గాలున్న ఒక ప్రయోగ షెడ్డులో జట్టు పద్ధతి, పని ఫలితం 16 ఏళ్ళ తర్వాత కూడా ఇంచుమించు చెక్కుచెదరలేదు. ఒక ఆటోమేటిక్ షెడ్డులో జట్టు పద్ధతి ఆనవాలు దాదాపు మిగల్లేదు. ఒకే యజమాని, ఒకే నగరం. బయటినుండి వచ్చిపడిన ఒత్తిళ్ళను తట్టుకునే శక్తి జట్లకు చాలలేదన్నది మిల్లర్ వివరణ సారాంశం. ఆ వివరణను మనం ఒక అడుగు ముందుకు తీసుకుపోవాలి. జట్టుకు 64 మగ్గాల మీద అధికారం దక్కింది. ఏ నూలు కొనాలి, బజారులో ఏ రకానికి గిరాకీ వుంది, ఎన్ని షిఫ్టులు నడపాలి - వీటిమీద దక్కలేదు. నాసి నూలు వస్తే పోగులు తెగుతాయి. పోగులు తెగితే జట్టు పరుగులు పెడుతుంది. జట్టు వెనకబడితే సూపర్‌వైజరు లోపలికి వస్తాడు. ఒకసారి వచ్చినవాడు తిరిగి బయటికి పోవడం కష్టం. బయటి ప్రపంచం నెమ్మదిగా వున్నంతకాలం షెడ్డులోపలి స్వపరిపాలన నిలుస్తుంది. అది నెమ్మదిగా వుంచడం కార్మికుడి చేతిలో లేదు.

1980ల నుండి అహమ్మదాబాదు మిల్లులు వరసగా మూతపడ్డాయి. లక్షమందికి పైగా కార్మికులు వీధినపడ్డారు. కాలికో మిల్లూ మిగల్లేదు. చెక్కుచెదరని జట్లకూ చెదిరిన జట్లకూ ఒకే తాళం పడింది. మూసివేత గురించి ఏ జట్టునూ సమ్మతి అడిగిన దాఖలా లేదు.

మన కథకుల్లో మిల్లు గురించి రాసినవారు లేకపోలేదు. కాని ఆ కథల్లో మిల్లు సమ్మెతో మొదలై లాఠీచార్జీతో ముగుస్తుంది. మామూలు రోజున, మామూలు షిఫ్టులో ఒక మనిషి చేతిలోంచి మరొక మనిషి చేతిలోకి పని ఎలా పోతుందో చెప్పిన కథలు నాకు బహు తక్కువ తారసపడ్డాయి. తెలంగాణ పద్మశాలీలు తరాల తరబడి షోలాపూర్, భివండి, సూరత్, అహమ్మదాబాదులకు మగ్గం వెతుక్కుంటూ పోయారు. ఇంట్లో పడుగు తీయడం నుండి గుడ్డ కోయడం దాకా కుటుంబమంతా కలిసి చేసిన పనిని వదిలి, తలకు ఇన్ని మగ్గాలు అనే లెక్కలోకి నడిచినవారు వాళ్ళు. ఆ రెండు లెక్కల మధ్య తేడా ఏమిటో రైస్‌కన్నా వారికి బాగా తెలిసివుండాలి. వారిలో షెడ్డు చూసినవారు, ఇప్పుడు ముసలివాళ్ళయినవారు, ఆ నగరాల తెలుగు పేటల్లో ఇంకా వున్నారు. వెళ్ళి అడగవలసిన ప్రశ్నలు: పక్క మగ్గం మీద ఎవరుండేవారు? కండె అయిపోతే ఎవరిని పిలిచేవారు? పిలిస్తే వచ్చేవాడా?